తీ.పె. కట్టలు

జూన్ 3

ఒరే తమ్ముడూ,

ఫోన్ చేయకుండా ఉత్తరం రాస్తున్నానేమని విసుక్కోకు. ఫోన్లో తిడితే తిట్టు గాలికి పోతుంది. ముప్పై ఏళ్ళుగా కాగితాలకి కాపలా కాస్తున్నదాన్ని, నా తిట్లకి కూడా దాఖలా ఉండాలి.

మా పురపాలక సంఘం వారు నిన్న ఒక మహత్తర తీర్మానం చేశారు. మా భవనంలోంచి పైన ఉన్న గ్రంథాలయాన్ని, కింద ఉన్న నా రికార్డు గదిని లేపేస్తారట. పుస్తకాలు బజారులో దుకాణాల సముదాయం మూడో అంతస్తుకి పోతాయి, సెల్‌ఫోన్ల కొట్టుకీ పళ్ళ డాక్టరుకీ మధ్య. దస్త్రాలు ఊరి బయట గోదాముకి. ఖాళీ అయిన ఈ చోట 'పౌర సేవా సౌధం' వెలుస్తుంది. పౌరుడు చదువుకునే బల్ల లాగేసి, నిలబడటానికి వరస కట్టించి, దానికి సేవ అని పేరు పెడతారన్నమాట.

చర్చ పదకొండు నిమిషాలు జరిగింది. గోడ గడియారం చూస్తూనే ఉన్నాను. అందులో నాలుగు నిమిషాలు మైకు పనిచేయక పోయాయి. మా అధ్యక్షుణ్ణి నేను 'రిబ్బన్' అంటానని నీకు తెలుసుగా. చేతికి కత్తెర దొరికితే చాలు, ఏదో ఒకటి ప్రారంభించేస్తాడు. ఆయన లేచి, "ఈ రోజుల్లో లైబ్రరీకి ఎవరొస్తున్నారండీ? నేనే వెళ్ళి ఇరవై ఏళ్ళయింది" అన్నాడు. సభంతా నవ్వింది. తను చదవడం మానేసిన సంగతిని ఇంత గర్వంగా మినిట్సులో రాయించుకున్న మనిషిని నేనింకెక్కడా చూడలేదు.

ఒక సభ్యురాలు మాత్రం, "పేపరు చదవడానికొచ్చే ముసలాళ్ళు మూడో అంతస్తు ఎలా ఎక్కుతారండీ?" అని అడిగింది.

"లిఫ్టుంది కదమ్మా."

"పనిచేస్తుందా?"

"ప్రారంభించాం కదా!" అన్నాడు రిబ్బన్. దాంతో చర్చ ముగిసింది.

వీళ్ళ ధైర్యానికి ఆధారం ఒక నివేదిక. తొంభై పేజీలు. ఏదో సలహా సంస్థ రాసింది, లోపల మనిషి పేరు లేదు. 'దస్త్రాలు స్థలాన్ని వినియోగించుకుంటున్నాయి గాని స్థలం దస్త్రాలను వినియోగించుకోవడం లేదు' అట. రెండుసార్లు చదివాను. మూడోసారి మీ బావ చేత చదివించాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకోకుండా పడుకున్నాడు. 'అనుభవ కేంద్రిత పఠన మండలం' అంటే ఏమిటో తెలుసా? రెండు సోఫాలు. పదకొండో పేజీ దాకా వెళ్ళి అటకమీద పడేశాను. ఇది రాసిన గాడిద ఎవరో తెలిస్తే, ముందు వాడికి వాక్యం రాయడం నేర్పి తర్వాత తంతాను.

నువ్వు ఆఫీసుల అమరిక చూసే ఉద్యోగంలోనే ఉన్నావు కదా. డిసెంబరులో వచ్చినప్పుడు రెండు రోజులు నాతోపాటు ఆ గదిలో కూర్చుని, ఏ కట్ట ఎక్కడుందో, ఏ గుర్తుకి ఏమిటర్థమో ఓపిగ్గా అడిగి రాసుకున్నావు. ఇన్నాళ్ళకి అక్క పని మీద వీడికింత ప్రేమ పుట్టిందని మురిసిపోయాను. ఆ ప్రేమ కొంచెం మిగిలుంటే, ఈ నివేదికని ఉతికి ఆరేస్తూ నాలుగు మాటలు రాసి పంపు. అభ్యంతరాలకి నెలాఖరు దాకా గడువుంది.

మరదలికి ఆశీస్సులు. నీకు ఇవ్వాలా వద్దా అన్నది జవాబు చూశాక.

మీ అక్క

జూన్ 12

అక్కా,

నీ ఉత్తరం మొదట నిలబడి చదివాను, తర్వాత కూర్చుని చదివాను. "మీ అక్కగారు ఎవర్నండీ ఇంత కమ్మగా తిడుతున్నారు?" అని అడిగింది మీ మరదలు. మున్సిపాలిటీని అన్నాను.

నాలుగు మాటలు రాయమన్నావు. కోప్పడకుండా చదువు. మీ గదిలో మూడో వరస అలమారల మీద నాలుగేళ్ళుగా ప్లాస్టిక్ పట్టా కప్పి ఉంది. వాన పడితే నువ్వే బకెట్లు పెడుతున్నావు. కిటికీ పక్కన బీరువా వెనక చెద పట్టింది. దాన్ని నాకు చూపించింది నువ్వే. ఇన్ని చూశాక కూడా కాగితాలు అక్కడే ఉండాలనడం కాగితాల మీద ప్రేమా, గది మీద ప్రేమా? చోటు మార్చినంత మాత్రాన చంపినట్టు కాదు. గోదాములో తేమ పట్టని ఇనప అరలు పెడతారట.

గ్రంథాలయం సంగతి వేరు. మూడో అంతస్తు తప్పే.

నివేదికలో భాష బాగాలేదు, ఒప్పుకుంటాను. కాని రాసినవాడు మరీ గాడిద కాకపోవచ్చు. వాడేం రాశాడో, పైవాళ్ళు ఏం కొట్టేసి ఏం చేర్చారో మనకేం తెలుసు? తరలింపంటూ జరిగితే నువ్వు ఎర్ర సిరాతో తీ.పె. అని గుర్తు పెట్టిన కట్టలు అన్నిటికన్నా ముందు క్షేమంగా చేరతాయని మాత్రం నాకు నమ్మకం.

బావగారి కళ్ళజోడుకి నా సానుభూతి.

తమ్ముడు

జూన్ 20

ఒరే,

నిన్ను సాయం అడిగితే వాళ్ళ తరఫున వకాల్తా పుచ్చుకున్నావు. చెద పట్టిందని ఇల్లు అమ్మేస్తారా, చెదకి మందు కొడతారా? ఆ కప్పు బాగుచేయమని నేను పెట్టిన అర్జీలు తొమ్మిది. అవన్నీ కూడా ఆ కప్పు కిందే తడుస్తున్నాయి. కప్పు బాగుచేయనివాడే కప్పు కారుతోందని గది ఖాళీ చేయిస్తుంటే, దానికి నువ్వు తల ఊపుతున్నావు. ఊళ్ళు తిరిగి నేర్చుకున్నది ఇదా? అద్దాల గదుల్లో కూర్చుని కూర్చుని నీకు అద్దం అవతల ఏముందో కనిపించడం మానేసినట్టుంది.

అసలు సంగతి ఇప్పుడు బయటపడింది. విను.

మా భవనం వెనక గోడకి అవతల సందుంది కదా, కాలవలు తీసేవాళ్ళు, వీధులు ఊడ్చేవాళ్ళు ఉండేది. నూట పన్నెండు ఇళ్ళు. నలభై ఏళ్ళ కిందట సంఘమే వాళ్ళకి ఆ స్థలం కేటాయించింది. విడివిడిగా పట్టాలు తర్వాత ఇస్తామన్నారు. ఆ 'తర్వాత' ఇప్పటికీ రాలేదు. ఉన్నదల్లా ఒక్క కేటాయింపు రిజిస్టరు. ఇంటికో పేజీ, పేజీకో వేలిముద్ర, పైన సంఘం ముద్ర. ఇప్పుడు సేవా సౌధానికి కార్లు నిలిపే చోటు కావాలట. మొన్న నూట పన్నెండు తలుపులకీ నోటీసులు అంటించారు, 'ఆక్రమణదారులు ఖాళీ చేయవలెను' అని. ఆగస్టు ఆరున విచారణ. ఆ రిజిస్టరు అక్కడ బల్లమీద పడితే వాళ్ళ ఇళ్ళు వాళ్ళవి. లేకపోతే బుల్డోజరు.

రిజిస్టరు నా దగ్గర భద్రంగా ఉంది. నీకు డిసెంబరులో చెప్పాను, మళ్ళీ రాస్తున్నాను. నా గదిలో అరవై ఒక్క కట్టల మీద ఎర్ర సిరాతో తీ.పె. అని ఉంటుంది. తీసిపెట్టినవి అని. ఆలస్యంగా ఇల్లు చేరేవాడి కోసం అమ్మ పళ్ళెంలో తీసిపెట్టి మూత వేసేది చూడు, అలా, అడగడానికి ఇంకా రానివాళ్ళ కోసం నేను తీసిపెట్టినవి. గదికి నిప్పంటుకుంటే ముందు మోసుకుపోవలసినవి అవే. ఆ రిజిస్టరు పద్నాలుగో కట్ట.

నకలు కావాలని కమిషనరుకి రాశాను. 'తరలింపు పూర్తయిన పిమ్మట' అని జవాబు. ఆయన సంతకం లేని నకలు విచారణలో చెల్లదు. మీ బావ, "సంచీలో పడేసుకుని ఇంటికి తెచ్చెయ్యి" అన్నాడు. ముప్పై ఏళ్ళలో ఒక్క కాగితాన్ని గేటు దాటించలేదురా. ఇప్పుడు దాటిస్తే నేనూ రిబ్బన్ జాతే అవుతాను.

ఆ సందువాళ్ళూ తక్కువేం కాదు. అక్కడ ఒకామె ఉంది. కాలవల పనిచేసి దిగిపోయింది. ఊరినంతా తనే నడుపుతున్నట్టు మాట్లాడుతుందని అందరూ సూపర్నెంటు అంటారు. అది నోరా, మైకా? నిన్న నా గుమ్మంలో నిలబడి కేకలు. "నలభై ఏళ్ళు గోడ పక్కనే ఉండి ఒక్కసారైనా వచ్చి మీ రిజిస్టరు చూసుకున్నారా?" అన్నాను. "మమ్మల్ని గేట్లోకి ఎప్పుడు రానిచ్చారమ్మా? చీపురుంటే రానిచ్చారు" అంది. నేను ఇంకా గట్టిగా అరిచాను.

విచారణాధికారి సంగతి చెప్పనే అక్కర్లేదు. నిద్రమొహం. సంతకం పెట్టేటప్పుడు కూడా కళ్ళు తెరవడు. ఆయన ఎదుట సాక్ష్యం చెప్పడం, గోడకి కథ చెప్పడం ఒకటే.

సోఫాలు తెచ్చినప్పుడు నీకో సీటు ఆపమని చెప్తాను.

అక్క

జూలై 1

అక్కా,

వారం రోజులుగా నీ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఇంక దాచలేను.

ఆ గాడిదని నేనే.

డిసెంబరులో నేను వచ్చింది నీకోసం కాదు, పని మీద. మీ ఊరి గ్రంథాలయం, రికార్డుల తరలింపు మా సంస్థకి వచ్చింది. మా పై అధికారికి అది మా అక్క గది అని చెప్పలేదు, నీకు అది నా పని అని చెప్పలేదు. చెప్తే నువ్వు తలుపు తీయవని తెలుసు. వేరేవాడు రాస్తే కట్టల విలువ తెలియకుండా రాస్తాడు, నేను రాస్తే కనీసం నీ గుర్తులు కాపాడతాను అనుకున్నాను. నవ్వుకో. ఇలాంటి పనులు చేసే ప్రతివాడూ ముందు ఇదే అనుకుంటాడు.

కార్లు నిలిపే చోటు గురించి నా కాగితంలో ఒక్క ముక్క లేదు. సందు గురించి నాకు తెలియదు. సోఫాలు నావే.

ఒక్కటి మాత్రం నిక్కచ్చిగా రాశాను, అరవై నాలుగో పేజీలో. 'తీ.పె. గుర్తుగల కట్టలన్నీ మొదటి లారీలో పంపవలెను.' నువ్వు పదకొండో పేజీ దగ్గర ఆపేశావు కాబట్టి చూసి ఉండవు. పద్నాలుగో కట్టకి భయం లేదు. గోదాము తెరిచిన రోజే అది అక్కడుంటుంది.

తిట్టు. కాని ఉత్తరం రాయడం మానకు.

తమ్ముడు

జూలై 3

తమ్ముడూ,

నీ దగ్గర్నుంచి జవాబు లేదు. అలిగావో, పనుల్లో ఉన్నావో. అలగడానికి ఇప్పుడు తీరిక లేదు, ఇది చదువు.

సోమ, మంగళ వారాలు నన్ను పక్క ఊరికి శిక్షణకి పంపారు. శిక్షణ పేరు 'మార్పును ఆహ్వానిద్దాం'. ఒక కుర్రది మమ్మల్ని నిలబెట్టి, కళ్ళు మూసుకుని భుజాలు వదులు చేయమంది. నేను అక్కడ భుజాలు వదులు చేస్తున్న వేళకి ఇక్కడ నా గది తాళం తీశారు.

బుధవారం వచ్చేసరికి ఎర్ర సిరా కట్టలు ఒక్కటీ లేవు. అరవై ఒకటీ పోయాయి. మిగిలినవన్నీ అలాగే ఉన్నాయి, నీళ్ళ బిల్లుల నకళ్ళు, పాత సెలవు చీటీలు, రిబ్బన్ సన్మానాల ఫొటోలు, అన్నీ భద్రం.

సామాన్లు ఎత్తే మేస్త్రీని పట్టుకున్నాను. "గోదాముకేనా వెళ్ళింది?" అంటే వాడు నన్ను వింతగా చూశాడు.

"మొదటి బండి ఎప్పుడూ చెత్తదేనమ్మా. నేల ఖాళీ అయితేనే కదా సరుకు కట్టుకునేది. ఏ ఇల్లు మార్చినా ఇంతే."

"ఇవి చెత్తని ఎవరు చెప్పారు?"

"కాగితంలోనే ఉందిగా, మొదటి లారీ అని. ఆ రెండక్షరాలేంటని ఆఫీసులో అడిగితే, తీసిపెట్టినవట అన్నారు. తీసి పక్కన పెట్టినవంటే అక్కర్లేనివేగా?"

అట్టల మిల్లుకి పరుగెత్తాను. కాగితాలు ఉడికే తొట్టి చూపించారు. బూడిద రంగు జావ. "నిన్నటి లోడు నిన్ననే అయిపోయిందండీ" అన్నాడు అక్కడి మనిషి, నేనేదో ఆలస్యంగా వచ్చిన కొనుగోలుదారునన్నట్టు.

సందులోకి వెళ్ళి చెప్పాను. సూపర్నెంటు స్టూలు తుడిచి నా ముందు వేసింది. ఆమె అరిచి ఉంటే బాగుండేది.

ఆ సలహా సంస్థల్లో నీకు తెలిసినవాళ్ళుంటారు. 'మొదటి లారీ' అని రాసినవాడి పేరు కనుక్కో. ఇంకేం చేయొద్దు, పేరు చాలు.

అక్క

జూలై 7

శ్రీ సలహాదారు గారికి,

తమరి ఒకటో తేదీ ఉత్తరం అందింది. పేరు కనుక్కోమని నేను రాసింది తమరు ఈపాటికి చదివి ఉంటారు. శ్రమ అక్కర్లేదు.

తమరు ఎంత జాగ్రత్తగా పనిచేశారో చూసి ముచ్చటేసింది. నా గదిలో వేలకొద్దీ కట్టలుంటే, నాశనం చేయవలసిన అరవై ఒకటీ వేలు పెట్టి చూపించారు. శత్రువుకి ఇంత వివరం తెలియదు. ఇంటి మనిషి కావాలి.

సంఘం వారు నన్ను సస్పెండు చేశారు. కారణం: చెత్త అని నేనే గుర్తు పెట్టిన కట్టల గురించి ఇప్పుడు గొడవ చేస్తున్నానట. తీ.పె. అంటే ఏమిటో వాళ్ళ వకీలు కనిపెట్టాడు. 'తీసి పెంటలో' అట. ఈ అర్థాన్ని కాగితం మీద టైపు చేసి, ముద్ర వేసి నాకు పంపారు. నలుగురు చదువుకున్నవాళ్ళు బల్ల చుట్టూ కూర్చుని ఈ రెండక్షరాలని పెంట దాకా మోసుకెళ్ళిన దృశ్యం తలుచుకుంటే ఒళ్ళు మండిపోతోంది.

విచారణలో సందుకి నోటి మాట తప్ప ఏమీ లేదు. తమరి మొదటి లారీ క్షేమంగా చేరింది.

ఇట్లు,
మాజీ రికార్డు కీపరు

జూలై 14

అక్కా,

గారు, తమరు అని రాశావు. చెంప మీద కొట్టినా ఇంత నొప్పి ఉండదు.

తప్పు నాది. అరవై నాలుగో పేజీలో తీ.పె. అని రాసి వదిలేశాను, విడమరిచి రాయలేదు. ఎందుకు రాయలేదో నాకు నేనే తిరిగి తిరిగి అడుక్కున్నాను. మనింట్లో ఆ మాటకి అర్థం చెప్పవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు. తీసిపెట్టడమంటే పారేయడమని అనుకునేవాళ్ళు ఈ లోకంలో ఉంటారని నాకు తట్టలేదు. విలువైనవి ముందు వెళ్ళాలనుకున్నాను. చెత్త ముందు వెళ్తుందని మేస్త్రీకి తెలుసు, ఇన్ని తరలింపులు రాసిన నాకు తెలియదు. ఒక్కరోజు కూడా లారీ దగ్గర నిలబడలేదు మరి.

ఇది ఒప్పుకున్నాక ఒకటి అడుగుతాను, పళ్ళు కొరుక్కోకు. అవి ప్రజల దస్త్రాలు అంటావు. ముప్పై ఏళ్ళలో ఆ గుర్తుల అర్థం ఒక్క పుస్తకంలోనైనా రాసిపెట్టావా? నీకూ నాకూ పోయిన అమ్మకీ తప్ప ఎవరికీ అర్థం కాని రెండక్షరాల వెనక నూట పన్నెండు ఇళ్ళని దాచావు. నువ్వు సెలవు పెడితే ఆ గది మూగది. రిబ్బన్ జనాన్ని బయట నిలబెట్టాడు, నిజమే. గేటు గురించి సూపర్నెంటు నీతో అన్నది కూడా నిజమే కదా.

ఇప్పుడు పని. నేను తీసుకున్న ఫొటోల్లో కట్టల వెన్నులే ఉన్నాయి, లోపలి పేజీలు లేవు. అవి పనికిరావు. కాని నీ జూన్ ఇరవై ఉత్తరం నా దగ్గరుంది. తీ.పె. అంటే ఏమిటో, పద్నాలుగో కట్ట ఏమిటో అందులో ఉంది. కవరు మీద తపాలా ముద్ర లారీకి పది రోజుల ముందుది. సందు తరఫు వకీలుతో మాట్లాడాను. పనికొస్తుందట, అయితే ఉత్తరం మొత్తం ఇవ్వాలట, ముక్క కత్తిరించి ఇస్తే అవతలివాళ్ళు ఒప్పుకోరట. మొత్తం అంటే అందులో సూపర్నెంటు నోరుంది, విచారణాధికారి నిద్రమొహం ఉంది. ఎదురుగా చదువుతారు.

నివేదిక రాసింది నేనే అని, ఆ గుర్తుకి అర్థం ఇదే అని ప్రమాణ పత్రం కూడా రాశాను. మా సంస్థ వద్దంటోంది. పంపుతున్నాను.

ఉత్తరం పంపాలా వద్దా అన్నది నువ్వు చెప్పాలి.

తమ్ముడు

జూలై 19

పంపు.

మొత్తం పంపు. కామా కూడా తీయకు. నా నోటికి నేను జవాబు చెప్పుకుంటాను.

గుర్తుల గురించి నువ్వు రాసింది చదివి ఉత్తరం నేలకేసి కొట్టాను. మీ బావ తీసి బల్లమీద పెట్టాడు. ఆయనా నీ పక్షమే అన్నమాట.

అక్క

ఆగస్టు 8

తమ్ముడూ,

విచారణ అయింది. వరసగా చెప్తాను.

మున్సిపల్ హాల్లోనే పెట్టారు. సందు సందంతా వచ్చింది. కుర్చీలు చాలక గోడల వెంట నిలబడ్డారు. ఆ హాలు రోజూ ఊడ్చేవాళ్ళలో సగంమంది అందులో మొదటిసారి ఊరికే నిలబడ్డారట. రిబ్బన్ ముందు వరసలో, వాళ్ళ వకీలు పక్కన.

వకీలు లేచి 'తీసి పెంటలో' సిద్ధాంతాన్ని అరగంట వివరించాడు. గొంతు సవరించుకుని మరీ. తర్వాత నీ ప్రమాణ పత్రం చదివారు. తర్వాత నా ఉత్తరం. చదివింది విచారణాధికారి గుమస్తా. ఏ మాటకీ గొంతు మార్చకుండా, బస్సుల వేళలు చదివినట్టు చదువుతాడు.

"అది నోరా మైకా" దగ్గర హాలంతా నవ్వింది. సూపర్నెంటు లేచి నిలబడింది. నా పని అయిపోయిందనుకున్నాను.

"మైకే అయ్యా! తప్పేం రాయలేదు. ముందుకి చదవండి" అని కూర్చుంది.

నిద్రమొహం దగ్గర గుమస్తా ఆగిపోయాడు.

"ఆగావేం?"

"తర్వాతది... తమరి గురించండీ."

"చదువు."

చదివాడు. నవ్వు లేదు. విచారణాధికారి కళ్ళజోడు పైనుంచి నన్ను వెతికి పట్టుకున్నాడు. "ఈ నిద్రమొహం నేనేనామ్మా?"

"మీరేనండీ."

"ఎందుకలా అనిపించింది?"

"కప్పు కారుతోందని అర్జీ తెస్తే, చదవకుండా 'చూసితిని' అని సంతకం పెట్టారండీ. మార్చిలో, కమిషనరు బదులు మీరు పని చూసినప్పుడు."

ఆయన కాగితం మీద ఏదో రాసుకున్నాడు. తర్వాత వకీలు వైపు తిరిగాడు. "ఈ ఉత్తరం నన్ను మెప్పించడానికి రాసింది కాదని మాత్రం స్పష్టంగా ఉంది. అందుకే నమ్ముతున్నాను. ఇక మీరు చెప్పండి. పెంటలో వేయవలసినవాటికి ఎర్ర సిరాతో నంబరు వేసి, గుడ్డలో కట్టి, ముప్పై ఏళ్ళు అలమారలో ఎందుకు పెడతారండీ?"

వకీలు రిబ్బన్ వైపు చూశాడు. రిబ్బన్ పైకప్పు వైపు చూశాడు. అక్కడ కూడా కారుతోంది.

మరి ఇంత బాధ్యతగల కీపరువి, ఈ గుర్తుల అర్థం ఎక్కడైనా నమోదు చేశావా అని నన్నూ అడిగాడు విచారణాధికారి. లేదండీ అన్నాను. "అది నా తప్పు. నాకు తెలిస్తే చాలనుకున్నాను. జనం కాగితాలకి నా ఇంటి మాట తాళంగా వేశాను." నువ్వు రాసిన మాటే, నీ పేరు చెప్పకుండా వాడుకున్నాను. నువ్వు నా గుర్తు వాడుకున్నావుగా.

ఉత్తర్వు నిన్న వచ్చింది. విచారణ నడుస్తుండగా సంఘం తన రిజిస్టరు తనే పోగొట్టుకుంది, దాని లాభం దానికి దక్కదు. నోటీసులు రద్దు. సందువాళ్ళు ఇంటింటికీ వాంగ్మూలం ఇచ్చి రిజిస్టరు మళ్ళీ రాయించుకోవాలి, తప్పని రుజువు చేయలేకపోతే సంఘం దాన్ని ఒప్పుకోవాలి. రాయవలసింది నేను. సస్పెన్షను మాత్రం తీయలేదు, సొంత గుర్తులు వాడినందుకు. ఆ మాత్రం శిక్ష న్యాయమే.

గ్రంథాలయం మూడో అంతస్తుకి పోయింది. దాన్ని ఆపలేకపోయాం. లిఫ్టు పనిచేయడం లేదు. పేపరు చదివే ముసలాళ్ళు రెండో అంతస్తు దాకా ఎక్కి, మెట్ల మీద కూర్చుని, పళ్ళ డాక్టరు కిందికి పంపే పాత పత్రికలు చదువుతున్నారు.

నీ ఉద్యోగం ఏమైంది? దాని గురించి ఒక్క ముక్క రాయలేదు.

అక్క

ఆగస్టు 17

అక్కా,

పోయింది. సంస్థ రహస్యాలు బయట పెట్టానట. రహస్యం అంటే నా పేరే.

ప్రస్తుతం ఇంట్లో కూర్చుని కూరలు తరుగుతున్నాను. ముక్కలు సమానంగా రావడం లేదని మీ మరదలు నివేదిక ఇచ్చింది. నా వల్ల పోయిన మిగతా అరవై కట్టల్లో ఇంకా ఎవరెవరివి ఏమేం ఉన్నాయో గుర్తు చేసుకుని రాస్తున్నాను, నీతో కూర్చుని రాసుకున్న పుస్తకం చూస్తూ. పేర్లు తప్ప లోపలి సంగతి తెలియదు. ఆ లిస్టు చదువుతుంటే కూరలే నయమనిపిస్తుంది.

నన్ను మళ్ళీ 'ఒరే' అనలేదు నువ్వు.

తమ్ముడు

సెప్టెంబరు 21

ఒరే,

అన్నాను, చాలా? పుస్తకం తీసుకుని రా. పేర్లున్నాయిగా, పేరున్న చోటల్లా మనిషి ఉంటాడు. ఇద్దరం వెళ్ళి అడుగుదాం. నిన్ను పూర్తిగా క్షమించానని అనుకోకు. ఎదురుగా ఉంటే తిట్టడం తేలికని రమ్మంటున్నాను.

రిజిస్టరు పోయిన వారం పూర్తయింది. సూపర్నెంటు వసారాలో బల్ల వేసుకుని ఐదు వారాలు రాశాను. ప్రతి మాటా విడమరిచి. ఎవరెప్పుడొచ్చారు, ఏ వీధి కాలవ తీశారు, ఏ గోడ ఎవరు కట్టుకున్నారు, ఎవరింట్లో ఎవరు పుట్టారు. పాత రిజిస్టరులో వేలిముద్ర తప్ప మనిషి లేడు. ఇందులో ఉన్నారు. తప్పు రాస్తే పక్కింటివాళ్ళు గోడ మీంచి దిద్దుతారు. ముప్పై ఏళ్ళలో నాకు ఇంతమంది పాఠకులు ఎప్పుడూ లేరు.

ఈ వారం సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. 'మూల ప్రతి మా కార్యాలయమున అందుబాటులో లేనందున, నూతన రిజిస్టరును పరిశీలన నిమిత్తం వెంటనే పంపవలెను.' అందుబాటులో లేదట! దాన్ని ఉడకబెట్టి అట్టలు చేశామని రాయడానికి వేలు రాలేదు. సూపర్నెంటుకి చదివి వినిపించాను.

"పంపేది లేదు. వాళ్ళనే రమ్మను. ఇక్కడే కూర్చుని చదువుకోవాలి. బయటికి ఇవ్వం" అంది.

అలాగే రాశాను. ఏ చరిత్రా పట్టనట్టు, ఏ పుస్తకం ముట్టనట్టు బతికిన ఆ సంఘం నిన్న పొద్దున మా వసారాకి నడిచొచ్చింది. రిబ్బన్ రాలేదు, కత్తిరించడానికి ఏమీ లేదుగా. కమిషనరు ఆఫీసు పెద్ద గుమస్తాని పంపారు. ఇస్త్రీ చొక్కా, చంకలో ఫైలు. సందులో కాలు ఎక్కడ పెట్టాలో చూసుకుంటూ వచ్చి, సరాసరి రిజిస్టరు మీద చెయ్యి వేయబోయాడు.

సూపర్నెంటు పుస్తకం వెనక్కి లాక్కుంది.

"చేతులు కడుక్కుని రండి."

ఆయనకి అర్థం కాలేదు. నా వైపు చూశాడు. నేను నా వేళ్ళ గోళ్ళు చూసుకుంటున్నాను. పంపు దగ్గర బిందెలు పట్టుకున్నవాళ్ళు పక్కకి జరిగి దారిచ్చారు. వెళ్ళి నీళ్ళ కింద చేతులు పెట్టి, దులుపుకుంటూ వచ్చాడు.

"అలా కాదు బాబూ," అంది సూపర్నెంటు, "సబ్బుతో."

మీ అక్క